ముందే కట్టిన ఫ్లెక్సీ

ఆ రోజుకు చక్రధర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదిన్నరకు బళ్లారి గాంధీనగర్‌లో ఇల్లు వదలాలి, తొమ్మిదికి మొదటి పీరియడ్ చెప్పాలి, మధ్యాహ్నం మూడింటికి సభలో ఏమీ ఎరగనట్టు కూర్చోవాలి. ఇంజనీరింగ్ కాలేజీలో బోధనకు, పరిశోధనకు, సేవకు పురస్కారాలిచ్చే రోజది. పరిశోధన మీద అతనికి ఆశ లేదు, సేవ మీద ఆలోచనే లేదు. బోధన మాత్రం కావాలి. పంతొమ్మిదేళ్లలో ఒక్క క్లాసూ ఎగ్గొట్టలేదని దరఖాస్తులో రెండు చోట్ల రాసుకున్నాడు.

ఎనిమిదీ ముప్పావుకు కాలేజీ గేటు దగ్గర బండి ఆపి తలెత్తి చూశాడు. పన్నెండడుగుల ఫ్లెక్సీలో తనే నవ్వుతున్నాడు. 'ఉత్తమ బోధన పురస్కారం పొందిన మా అల్లునికి అభినందనలు' అని తెలుగులోనూ కన్నడంలోనూ ఉంది. పక్కన అతని కంటే పెద్ద బొమ్మలో, లారీలు తిప్పే మేనమామ కోదండరామి చేతులు జోడించి ఉన్నాడు.

చక్రధర్ వెంటనే ఫోన్ చేశాడు. "మామా, ఏంది ఇది? ఇంకా ఎవరికీ ఇయ్యలేదు! ప్రచారం చేసుకుంటే పేరు కొట్టేస్తామని ప్రిన్సిపాల్ నోటీసు పెట్టినాడు!"

"నీ పేరు పంపినారని అక్క చెప్పింది గదా. ముందు ఫ్లెక్సీ కట్టేస్తే ఇచ్చేటోళ్లు ఎట్ల ఎనక్కి పోతారప్పా? సొసైటీ ఎలక్షన్ల నేను అట్లనే గెలిస్తి."

"ఇంకా యాడ కట్టించినావు?"

"కౌల్ బజార్ల ఒకటి. దేశనూరులో ఒకటి ఉండాది, అది మన ఊరు, దాని జోలికి పోవద్దు."

అటెండర్ హులిగప్ప సాయంతో గేటు ఫ్లెక్సీ క్షణాల్లో దిగింది. కానీ ప్రిన్సిపాల్ సీతారామారావు పదింటికి వచ్చేది కౌల్ బజార్ మీదుగానే. తొమ్మిదికి ఐదు నిమిషాలుంది. చక్రధర్ ఒకసారి క్లాసు వైపు చూశాడు, ఒకసారి గడియారం వైపు చూశాడు, బండి వెనక్కి తిప్పాడు.

కౌల్ బజార్‌లో అతని ఫ్లెక్సీ మీద అప్పుడే మూడు కట్టేశారు. ఒకరి పుట్టినరోజు, ఒక చీరల కొట్టు, ఒక కోచింగ్ సెంటర్. ఎన్ని కప్పినా అతని ముఖం మాత్రం బయటే ఉంది. ఒక కొట్లో నిచ్చెన, కటింగ్ ప్లేయర్ అడిగి తెచ్చి, ముందా మూడూ విప్పి, తనదాన్ని బొమ్మ లోపలికి పోయేలా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"ఏం చేస్తాండారు సారూ?" అంది పూలమ్మే దేవక్క.

"దావకు అడ్డముండాయమ్మా, తీసేస్తాండా."

"మల్ల ఆ పక్కవి అడ్డం లేవా?"

ఒక అబద్ధం ఆడినందుకు చక్రధర్ పక్కవి కూడా విప్పాడు. జనం చేరారు. వాళ్లు చూస్తుండగా ఆగడం బాగుండదని ఎదుటి వరుసా మొదలుపెట్టాడు. పదకొండోది విప్పుతుండగా రెండు ఆటోలు వచ్చి ఆగాయి. తన క్లాసు పిల్లలే దిగారు.

"సార్, మీరు క్లాసుకు రాలేదంటే ఏమైందో ఏమోనని భయపడినాం. ఈ పక్కకే పోయినారని హులిగప్ప చెప్పినాడు," అంది అనూష. ఆ పిల్ల కళ్లు నిజంగానే తడిగా ఉన్నాయి. చక్రధర్‌కు నిచ్చెన మీదే సిగ్గేసింది. నిజం చెబుదామనుకున్నాడు గానీ చంకలోని ఫ్లెక్సీ చుట్ట చెప్పనివ్వలేదు.

"మేమూ తీస్తాం సార్," అంటూ పిల్లలు రంగంలోకి దిగారు. ఒకరు వీడియో తీశారు. పదకొండింటికి వీధంతా ఖాళీ అయింది. పన్నెండింటికి ఆ వీడియో ఊళ్లో చూడని ఫోను లేదు.

మూడింటికి సభలో బోధన పురస్కారం తోటి లెక్చరర్ యోగేశ్‌కు ఇచ్చారు. చక్రధర్ చప్పట్లు కొట్టాడు, చేతులు కొయ్యబారి ఉన్నాయి. తరవాత సేవా పురస్కారానికి అతని పేరే పిలిచారు. పిల్లలు ఈలలు వేశారు. సీతారామారావు తలకు మైసూరు పేట తలపాగా పెట్టి, శాలువా కప్పుతూ చెవిలో అన్నాడు.

"పొద్దున దాకా బోధన మీ పేరుమీదే ఉండె సార్. క్లాసుకు పోలేదని తెలిసి మార్చినా. దాని బదులు ఇది ఇయ్యాలని పిల్లలు పట్టుబట్టినారు."

సన్మానంలో ఇచ్చిన పండ్ల బుట్ట పట్టుకుని బయటికొచ్చేసరికి గేటు పక్కన కొత్త ఫ్లెక్సీ లేస్తోంది. ఈసారి ఇరవై అడుగులు. 'బళ్లారికి ఫ్లెక్సీల పీడ వదిలించిన మా అల్లునికి అభినందనలు.'

"ఈసారి ఇచ్చినాంకనే కట్టిస్తిని కదప్పా!" అన్నాడు కోదండరామి గర్వంగా.

నిచ్చెన పక్కనే ఉంది, కానీ చక్రధర్ దాని వైపు చూడలేదు. రేపు తొమ్మిదింటికి అతనికి క్లాసుంది.