సెంటీమీటర్లలో మా అత్తవారి వంశం

మా అత్తవారి వంశంలో ఇంతవరకు ఒక్క చెడ్డవాడు కూడా పుట్టలేదని అధికారికంగా తేలింది. తేల్చినవారు మా మామగారు. తూనికలు కొలతల శాఖలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి కనుక ఆయన మాటను తేలిగ్గా తీసిపారేయడానికి వీల్లేదు. ఆధారాలు కూడా ఉన్నాయి. వంశంలో పోయినవాళ్ళ గురించి పాత పేపర్లలో పడ్డ మరణ ప్రకటనలన్నీ ఆయన లైబ్రరీ బీరువాల్లోంచి, బంధువుల ట్రంకుపెట్టెల్లోంచి ఏరి తెచ్చి, అట్టల మీద అతికించి, ముందుగదిలో బల్ల మీద పరిచారు. పోయినవాడి మీద అబద్ధమాడడానికి ఎవరికీ నోరు రాదు కాబట్టి చరిత్రకు ఇంతకన్నా నికార్సయిన ఆధారం లేదని ఆయన సిద్ధాంతం.

వెంటనే వంశ చరిత్ర రచనా సంఘం ఏర్పడింది. మామగారు అధ్యక్షులు, ఆయన ముగ్గురు కొడుకులు సభ్యులు. నేను రెండో అల్లుణ్ణి గనుక నాకు ఓటు లేదు, జిగురు రాసే పని ఉంది. ప్రతి ఆదివారం సమావేశం. మినిట్స్ రాసుకునేవారు, కిందటి వారం రాసుకున్నవి చదివి మెచ్చుకునేవారు.

ప్రకటనలన్నీ వరసగా చదివితే ఎవరికైనా ఆశ్చర్యం వేస్తుంది. ప్రతి పూర్వీకుడూ స్నేహశీలి, మృదుభాషి, అజాతశత్రువు, పేదల పాలిటి పెన్నిధి. ఒక్క అక్షరం తేడా లేదు. పేపరాఫీసు కౌంటర్లో గుమాస్తా దగ్గర అచ్చు నమూనా ఒకటి ఉంటుంది. ఖాళీల్లో పేరూ వయసూ నింపి ఇస్తే సరిపోతుంది. మా నాన్న పోయినప్పుడు నేనూ నింపాను. ఆ మాట చెప్పబోతే మామగారు చెయ్యెత్తి ఆపారు. మూడు తరాల పాటు అవే సుగుణాలు అదే వరసలో రావడమంటే అవి రక్తంలోనే ఉన్నట్టు కదా అన్నారు. “మంచితనం మాకు వంశపారంపర్యం” అనే అధ్యాయం అలా పుట్టింది. ఈ అజాతశత్రువుల్లో ఇద్దరు సొంత అన్నదమ్ములై ఉండి, గోడ తగాదాలో కేసులు వేసుకుని, ఊపిరి ఉన్నంతకాలం కోర్టుకు తిరిగారు. దానికి ప్రకటన లేదు కనుక అది జరగలేదు.

తరవాత ఎవరు ఎంత గొప్పవారన్న చిక్కు వచ్చింది. మామగారు స్కేలు తీశారు. పేపరువాళ్ళు చోటును సెంటీమీటర్ల లెక్కన ఇస్తారు గనుక మనుషుల్నీ ఆ లెక్కనే కొలవడం న్యాయమన్నారు. పావు పేజీలో నవ్వుతున్న చిన్నతాత ప్రథమ స్థానం పొంది వంశోద్ధారకుడయ్యాడు. ఆయన జన్మలో చేసిన ఘనకార్యం వాలుకుర్చీలో కూర్చోవడం. కొడుకులు కాంట్రాక్టర్లు, పావు పేజీ వాళ్ళది. తొమ్మిదిమందిని కని, పెంచి, ఆ కుర్చీతో సహా ఇల్లంతా మోసిన ఆయన భార్య మామ్మకు దక్కింది రెండు లైన్లు, “సర్టిఫికెట్టు పోయినది”కీ “ఇల్లు అద్దెకు ఇవ్వబడును”కీ మధ్య. ఆవిడను అనుబంధంలోకి నెట్టారు.

పని ఇంత దివ్యంగా సాగుతుండగా ఒక ఆదివారం మిషనత్త వచ్చింది. ఆవిడ మామగారి చెల్లెలు. రెండు వీధుల అవతల మేడమీద ఒక గదిలో ఉంటూ జాకెట్లు కుడుతుంది. కుట్టుమిషన్లు తప్ప వెనకాముందూ ఎవరూ లేరు గనుక ఆ పేరు స్థిరపడింది. తండ్రి మంచాన పడ్డ ఏళ్ళన్నీ ఆయనకు అన్నం తినిపించి, ఒళ్ళు తుడిచి, పక్క మార్చింది ఆవిడే. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. అందరికీ తెలుసు గనుక ఎవరూ పైకి అనరు.

ఆవిడ బల్ల దగ్గర నిలబడి తండ్రి మరణ ప్రకటన చదువుకుంది. దుఃఖసాగరంలో మునిగినవారు కుమారులు, కోడళ్ళు, మనవలు. కూతురు మునగలేదు. అప్పట్లో చోటు చాల్లేదు మరి. మామగారి పేరు పక్కన హోదా, రెండు డిగ్రీలు, ఒక బంగారు పతకం పట్టాలంటే ఎవరో ఒకరు తగ్గాలి. ఆవిడ తగ్గింది.

“పుస్తకంలో నాన్నకి ఒక కూతురుందని రాయించన్నయ్యా. నా గొప్పలేమీ వద్దు. కూతురు అన్న ఒక్క మాట ఉంటే చాలు,” అంది.

గదిలో ఉన్నది ఆరుగురమే అయినా మామగారు లేచి నిలబడి, గొంతు సవరించుకున్నారు.

“సోదరి బాధ మాకు తెలియనిది కాదు. కానీ చరిత్ర బంధుప్రీతికి లొంగదు. ఇవాళ నువ్వొచ్చి కూతుర్నంటావు, రేపు ఇంకెవరో వస్తారు. ప్రకటనలో ఉన్నవారే వంశంలో ఉన్నట్టు, లేనివారు లేనట్టని తీర్మానం చేసుకున్నాం. నా సొంత చెల్లెలివని చెప్పి నీ కోసం నియమం మారిస్తే నలుగురూ నా మొహాన ఉమ్మెయ్యరూ? ఆధారం ఏదన్నా ఉంటే పట్టుకురా, పరిశీలిస్తాం.”

కొడుకులు బల్ల చరిచారు. మిషనత్త బల్ల మీది తండ్రి ప్రకటన మీద వేలు పెట్టింది.

“పేపర్లో పడితే చాలా?”

“పడితే ఇక తిరుగులేదు.”

ఆవిడ వెళ్ళిపోయింది. ఆ పూట నాకా ఇంటి మీద రోత పుట్టింది. అయినా భోంచేసే వెళ్ళాను, అల్లుణ్ణి కదా.

కొన్నాళ్ళకు ఒక ఆదివారం పేపర్లో మిషనత్త ఫోటో పడింది. “ఫలానావారి ఏకైక కుమార్తె, తండ్రికి చివరిదాకా సేవ చేసిన మనిషి, కన్నుమూశారు” అని పైన పెద్దక్షరాల్లో ఉంది. స్నేహశీలి, మృదుభాషి అని లేదు. “కోపిష్ఠి. అయినా చెప్పిన రోజుకు జాకెట్టు ఇచ్చేది” అని ఉంది. దుఃఖించేవారి జాబితాలో కింది వాటావాళ్ళు, దారాల కొట్టు ముసలాయన, ఎదురింటి పాప, పొడుగు చేతులు కుట్టించుకునే టీచరమ్మ ఉన్నారు.

మామగారు ప్రకటనంతా చదివి స్కేలు అందుకున్నారు. చిన్నతాత ఓడిపోయాడు. తరవాత దుఃఖించేవారి జాబితా పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చదివారు. మొహం నల్లబడింది.

“నా పేరు లేదు,” అన్నారు.

కొడుకులు కూడా చూసుకున్నారు. వాళ్ళవీ లేవు. ఇది కావాలని చేసిన అవమానమని ఏకగ్రీవంగా తీర్మానించి, ప్రతినిధి వర్గంగా బయలుదేరారు. నేను వెనకాల నడిచాను. మేడ మెట్లెక్కి తలుపు కొడితే మెడలో టేపు వేసుకుని మిషనత్తే తలుపు తీసింది.

“మా పేర్లేవే?” అన్నారు మామగారు.

“ఏడ్చేవాళ్ళవే వేయించానన్నయ్యా. నువ్వు ఏడుస్తావని నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పులు అక్కడ విప్పి లోపలికి రండి.”

అసలు ఆవిడ బతికి ఉందన్న సంగతి మొదట గమనించినవాడు చిన్న బావమరిది. అదీ కూర్చున్నాక, మంచినీళ్ళు తాగాక. రెండు మిషన్లలో ఒకటి అమ్మి, ఇన్నేళ్ళూ కూడబెట్టినదంతా కలిపి ప్రకటన వేయించానని ఆవిడ దాపరికం లేకుండా చెప్పింది. “కౌంటర్లో అబ్బాయి ఎవరమ్మా పోయిందన్నాడు. నేనే బాబూ అన్నాను. తలెత్తకుండానే, ఫోటో తెచ్చారా అన్నాడు.”

సంఘం అక్కడే అత్యవసర సమావేశం జరిపింది. పేపర్లో పడింది కనుక ఆవిడ కూతురే, అందులో రెండో మాట లేదు. కొలత ప్రకారం పుస్తకంలో మొదటి పేజీ కూడా ఆవిడదే. కానీ అదే ఆధారం ప్రకారం ఆవిడ పోయింది. సగం నమ్మి సగం వదిలేస్తే చరిత్ర క్షమించదని పెద్ద బావమరిది హెచ్చరించాడు. అందుచేత పుస్తకావిష్కరణ సభకు ఆవిడ రాకూడదని కోరారు.

“కూతురని పడుతుందిగా?” అంది మిషనత్త.

“మొదటి పేజీలోనే.”

“అయితే రానులే. మీరింక వెళ్ళండి, సాయంత్రానికి ఇవ్వాల్సిన జాకెట్లున్నాయి.” ఆవిడ గొంతు వణికింది. సంతోషానికే వణికింది, అదే నాకు మింగుడుపడలేదు.

సభ ఘనంగా జరిగింది. వేదిక మీద ఆవిడ ఫోటోకు దండ వేశారు. ఆవిడ గది గుమ్మం ఏ వైపుందో ఎరగని ముఖ్య అతిథి ఆవిడ త్యాగం గురించి గంటసేపు మాట్లాడాడు. మామగారు మైకు ముందుకు వచ్చి, “నా చెల్లెలు బతికుంటే ఈ రోజు ఎంత పొంగిపోయేదో” అని బావురుమన్నారు. హాలంతా కళ్ళు తుడుచుకుంది. మర్నాడు ఆవిడ దగ్గరకు వెళ్ళి కొలతలివ్వాల్సిన ఆడవాళ్ళు కూడా తుడుచుకున్నారు.

చదువుతున్న మీరు నవ్వుకుంటున్నారని తెలుసు. నవ్వండి, తప్పులేదు. మీ ఇంట్లోనూ అలాంటి మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఆవిడ గురించి చెప్పాల్సిన మంచిమాటలన్నీ మీ దగ్గరా సిద్ధంగానే ఉంటాయి. ఇక ఆవిడ పోవడమే తరువాయి.