స్పీకర్ పెట్టెల మీద బుడగలు

పదింటికల్లా రెండు స్పీకర్ పెట్టెలకూ వినైల్ షీటు అతికించేసి, పన్నెండింటికి భోంచేయాలని లెక్కల మాస్టారు పొద్దున్నే కాగితం మీద రాసుకున్నారు. ప్లైవుడ్ కోసి, జిగురు పూసి ఆ పెట్టెల్ని చేసింది ఆయన భార్య. పైన నల్ల షీటు అతికించేలోపే ఆసుపత్రికి వెళ్ళింది, తిరిగి రాలేదు. ఆవిడ పాఠాలు చెప్పిన బడిలో రేపు వాటిని పెడతారు. ఆవిడ చివరి పని నలుగురిలో నవ్వులపాలు కాకూడదు. మాస్టారి దిగులంతా అదే.

సాయానికి బావమరిది వచ్చాడు. దర్జీ. అక్క ఉన్నన్నాళ్ళూ వీళ్ళిద్దరిదీ ఉప్పూ నిప్పూ వ్యవహారం.

"ఎలా అతికించాలో అక్క ఆసుపత్రి నుంచి మెసేజ్ పెట్టింది కదా బావా, ముందు అది వినిపించండి," అన్నాడు.

మాస్టారు ఫోను నొక్కారు. "ఇద్దరూ వినండి. వెనక కాగితం ఒలిచి..." అని ఆ గొంతు పలకగానే ఇక వినలేక ఠక్కున ఆపేశారు.

"అర్థమైందిగా?"

"ఆఁ, అయింది," అన్నాడు దర్జీ కళ్ళు తుడుచుకుంటూ.

కాగితమంతా ఒకేసారి ఒలిచేశారు. షీటు ముడుచుకుని మాస్టారి చొక్కాకీ, దర్జీ మోచేతికీ అతుక్కుంది. నానా తంటాలూ పడి పెట్టెకి అంటిస్తే ఒళ్ళంతా బుడగలే. ఇక్కడ నొక్కితే అక్కడ తేలుతున్నాయి.

మళ్ళీ ఫోను. "బుడగలొస్తే కంగారు పడకండి. కాస్త వేడి తగిలించి..." ఈసారి దర్జీ ఆపేశాడు.

"వేడి సంగతి నాకొదిలెయ్యండి. ముప్పై ఏళ్ళుగా ఇస్త్రీ చేస్తున్నా."

"ఒరేయ్, అది చొక్కా కాదు!"

"మీ చొక్కా కంటే నయంగానే ఉంది లెండి."

షీటు ముడుచుకుపోయి ఇస్త్రీపెట్టెకి అంటుకుంది. పట్టి లాగితే చెక్క మూల పెచ్చు ఊడింది.

రెండో పెట్టెకి అంటించినా బుడగలే. మూడోసారి ఫోను, "మొండి బుడగని పొడిచి..." దగ్గరే ఆగింది. దర్జీ కత్తెరతో ఒకవైపూ, మాస్టారు వృత్తలేఖినితో ఇంకోవైపూ పొడిచారు. రెండో పెట్టె జల్లెడయింది.

మాస్టారు నేలమీద చతికిలబడ్డారు. "అది బతికుండగా ఒక్క పనిలోనూ చెయ్యి వెయ్యలేదురా. పోయాక వేస్తే ఇదీ నిర్వాకం."

దర్జీ పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "ఈసారి ఆపొద్దు బావా."

మొదటి నుంచీ విన్నారు. కాగితం బెత్తెడు చొప్పున ఒలవాలట. వేడి హెయిర్ డ్రయ్యర్‌తో, దూరం నుంచి. పొడవడానికి సూది చాలట, ఒక్క పోటు.

"ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అదెంత పనో మీకు తెలియాలి. మీ ఇద్దరి సంగతీ నాకు తెలుసు. దయచేసి వాటి మీద చెయ్యి వెయ్యకండి. నేనొచ్చాక చేసుకుంటా."

ఇద్దరూ ఆ పెట్టెల మధ్య కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చారు.

మర్నాడు స్పీకర్లు అలాగే బడికి వెళ్ళాయి. పాట మాత్రం కమ్మగా వచ్చింది. ఆ బుడగలేమిటని ఎవరడిగినా, "పని ఇంకా పూర్తి కాలేదండీ, చేసే మనిషి రావాలి," అంటారు బావా బావమరుదులు.

వాళ్ళిద్దరికీ పొత్తు కుదిరిన మాట ఇప్పటికి అదొక్కటే.