ఐదు తుపాకులు, గురువారం తొమ్మిదింటికి

అమెరికాలోని కమ్మింగ్‌లో ఆ మంగళవారం పొద్దున శశికాంత్ పథకం చిన్నదే. ఇంటి నుంచి ఆఫీసు పని మొదలుపెట్టేలోగా కూతురు వర్ష హిస్టరీ ప్రాజెక్టు ముగించాలి. విషయం: ‘ఫైరింగ్ స్క్వాడ్ - అర్థం, వాడుక’. వర్ష స్కూలుకి వెళ్లిపోయింది. అట్ట మీద గోడ, మరణశిక్ష పడిన సైనికుడు, ఎదురుగా వరసలో ఐదుగురు బొమ్మ సిపాయిలు సిద్ధం. తుపాకులే తక్కువ.

షాపింగ్‌కి వెళ్లిన భార్య ఛాయాదేవికి మెసేజ్ కొట్టాడు: "ఐదు తుపాకులు తే. ఒకదాంట్లో గుండు ఉండదు. ఎవరు చంపారో ఎవరికీ తెలియకూడదు. గురువారం తొమ్మిదింటికల్లా రెడీగా ఉండాలి."

క్షణంలో ఆఫీసు మిత్రుడు నీరజ్ ఫోన్.

"అన్నా, టీమ్ గ్రూప్‌ల ఏం పెట్టినవ్?"

"అయ్యో, అది మా ఆవిడకి! తెలుగే కదా, ఎవరికర్థమవుతుందిలే. డిలీట్ చేసేశా."

"డిలీట్ చేసినవా! మేనేజర్ ఆల్రెడీ ట్రాన్స్‌లేట్ చేసి చదివిండు. గురువారం తొమ్మిదికే మన మీటింగ్ అన్నా!"

ఆఫీసు లాప్‌టాప్ దానంతటదే లాకైంది. ఉద్యోగం పోతే హెచ్-వన్ వీసా మీద ఈ దేశంలో మిగిలేది అరవై రోజులు. ఆ మెసేజ్‌నే ఫోన్‌లో మళ్లీ కొట్టి ఈసారి భార్యకే పంపాడు.

పది నిమిషాల్లో ఆవిడ ఫోన్. "ఏమండీ, మీ ఆఫీసువాళ్లు ఇంట్లో తుపాకులున్నాయా అనడిగారు. ఇంకా లేవు, కొనడానికే వచ్చాను అన్నాను."

"చంపావు కదే!"

వీడియో కాల్‌లో కంపెనీ సెక్యూరిటీ ఆఫీసర్ గ్రేస్ కళ్లార్పలేదు. శశికాంత్ అట్ట ఎత్తి చూపించాడు. "మేడమ్, ఇది మిలిటరీలో మరణశిక్ష. ఒక తుపాకీలో ఉత్త మందే పెడతారు. నా గుండు కాదులే అని ప్రతివాడూ నిద్రపోవడానికి. మా పదమూడేళ్ల అమ్మాయి ప్రాజెక్టు."

"పదమూడేళ్ల పిల్ల ఇంత నీట్‌గా చేసిందా?"

శశికాంత్ అట్ట కిందికి దించాడు. "మొత్తం నేనే చేశాను. తను పేరొక్కటే రాసింది."

"అదే మాట రాసి టీచర్‌కి పంపండి. ఆవిడ కన్ఫర్మ్ చేయాలి."

పంపాడు. గంటసేపు గదిలో అటూ ఇటూ తిరిగాడు. జవాబొచ్చింది: ప్రాజెక్టు నిజమే. లాప్‌టాప్ తెరుచుకుంది. శశికాంత్ కుర్చీలో కూలబడ్డాడు. ఆ తర్వాత రెండో లైను చదివాడు: నిజం ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు, వర్షకి సున్నా.

సాయంత్రం తలుపు దడాలున మూసుకుంది. "డాడ్! నువ్వు టీచర్‌కి ఏం రాశావ్?"

కంపెనీ శశికాంత్‌ని వదిలేసింది. వర్ష ఇంకా వదల్లేదు.