పుట్టినరోజు నాడు పోయిన మాస్టారు

ఆ ఉదయం తేదీలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. మడత విప్పని పేపరు తీసుకెళ్ళి మావగారి చేతిలో పెట్టాలి. నాలుగో పేజీ తియ్యమనాలి. తీశాక ఆయన మొహం చూడాలి. అంతే. ఇంత చిన్న పథకానికి అంత పెద్ద గతి పడుతుందని ఎవరు మాత్రం అనుకుంటారు?

ఆయన పని పత్రికాఫీసులో. "చరిత్రలో ఈ రోజు" అనే కాలమ్ ఆయన చేతిమీదుగా నడుస్తుంది. అందులో మూడు గడులు: సంఘటనలు, పుట్టినవాళ్ళు, పోయినవాళ్ళు. ఏ రాజుకు ఏ రోజు కిరీటం పెట్టారో, ఏ ఓడ ఏ రోజు మునిగిందో అడిగితే నిద్రలో కూడా చెబుతాడు. సొంత పెళ్ళిరోజు మాత్రం భార్య గుర్తుచెయ్యాలి. అందుకే ఆఫీసులో ఆయనకు తేదీలాయన అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ కాలమ్‌లో తప్పు దొర్లిందని ఇంతవరకు ఒక్క మనిషి నోరెత్తలేదు. ఊళ్ళో దాని మీద అంత గురి.

మావగారు డ్రైవింగ్ మాస్టారు. ఊళ్ళో స్టీరింగ్ పట్టిన ప్రతి చెయ్యీ ముందు ఆయన చేతి దెబ్బ తిన్నదే. వయసు మీదపడి స్కూలు మూసేశాక మనిషి ముడుచుకుపోయాడు. వీధి తలుపు గడియ తియ్యడు, పేపరు తెప్పించుకోడు, ఎవరైనా పలకరిస్తే "నేనింకా ఎవరికి గుర్తున్నాన్లే" అంటాడు. కూతురికి అదే దిగులు.

"ఏమండీ, ఎక్కడెక్కడి రాజుల పుట్టినరోజులో వేస్తారు కదా, మా నాన్నది ఒక్కసారి వెయ్యకూడదూ? తనని తలుచుకునేవాళ్ళున్నారని తెలిస్తే మళ్ళీ మామూలు మనిషవుతారు" అని ఆవిడ నెల ముందునుంచీ చెవిలో ఇల్లు కట్టుకుంది.

తేదీలాయనకు తన అవసరమూ ఒకటుంది. ఒకప్పుడు ఆయన కూడా మాస్టారి దగ్గరే నేర్చుకున్నాడు. రివర్స్ పాఠం నాడు బండిని తీసుకెళ్ళి మాస్టారి ప్రహరీగోడకే ఆనించాడు. "నా చేతిలో పడి కూడా బాగుపడనివాడివి నువ్వొక్కడివే అల్లుడూ" అన్నాడు మావగారు. అప్పటినుంచి ఇద్దరి మధ్యా మాటలు ముక్తసరి. తేదీలాయన ఈ రోజుకీ కారును ముందుకే నడుపుతాడు. వెనక్కి నడపాల్సిన అవసరం రాని రోడ్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు.

అందుకని ముందురోజు మావగారి ఫొటో ఒకటీ, "ఊరంతటికీ బండి నేర్పిన మాస్టారు" అని రాసిన కాగితం ముక్కా పట్టుకుని, పేజీలు కూర్చే పేజీలాయన దగ్గరికి వెళ్ళాడు.

"ఇది మా మావగారిది. రేపటి కాలమ్‌లో కలపండి. ఎలాగైనా రావాలి."

పేజీలాయన ఫొటో చూసి కుర్చీలోంచి లేచాడు. తేదీలాయన చెయ్యి పట్టుకున్నాడు. "మీరు చెప్పాలాండీ? నాకు నేర్పింది కూడా ఆయనే" అంటూ కళ్ళు తుడుచుకున్నాడు. పుట్టినరోజుకు కూడా ఏడ్చేంత అభిమానమా అని తేదీలాయన కరిగిపోయాడు. బయటికి వస్తుంటే ఎడిటరుగారు భుజం మీద చెయ్యి వేశారు.

"విన్నానయ్యా. రేపు ఆఫీసుకు రాకు. అన్నీ దగ్గరుండి చూసుకో."

"అలాగేనండీ. ఇంటిల్లిపాదీ కలిసి ఘనంగా చేద్దామనుకుంటున్నాం. కేకు కూడా చెప్పాను."

ఎడిటరుగారు భుజం మీది చెయ్యి తీసేశారు. "కేకా?"

"ఆయనకు తీపంటే ప్రాణమండీ."

"పోనీలే, ఎవరి పద్ధతి వాళ్ళది" అని ఆయన గంభీరంగా తలాడించి, "బండి సంగతి నాకొదిలెయ్, పొద్దున్నే పంపిస్తాను" అన్నారు. ఊరేగింపుగా తీసుకెళ్ళడానికి కాబోలనుకుని తేదీలాయన చేతులెత్తి దణ్ణం పెట్టాడు.

ఇప్పుడు మళ్ళీ ఆ ఉదయానికి వద్దాం. ఒళ్ళో కేకుతో భార్యా, పక్కన మడత విప్పని పేపరూ. మావగారిల్లు ఉన్న సందుకు అవతల దారి లేదు. లోపలికి వెళితే కారును వెనక్కి నడుపుకుంటూ రావలసిందే. అందుకే ఎప్పుడూ సందు మొదట్లో కారు ఆపి నడిచి వెళ్ళేవాడు. ఈసారి కేకు ఉంది, పైగా ఉత్సాహం ఉంది. చూస్తే సందు నిండా కార్లు.

"చూశారా! మీ కాలమ్‌కెంత బలముందో!" అంది భార్య. తేదీలాయన ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఆ పొంగులో కారు సందులోకి దూర్చేశాడు. చిట్టచివరి కారు ఆయనదే. సీసాకు బిరడా పెట్టినట్టు సరిపోయింది.

దిగీ దిగగానే ఊళ్ళో పేరున్న డాక్టరమ్మ ఎదురొచ్చింది. "చాలా బాధగా ఉందండీ."

"బాధెందుకండీ, వయసొస్తే తప్పదు కదా. ఉండండి, కేకు కోస్తాం."

డాక్టరమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. అప్పుడు కనిపించింది తేదీలాయనకు, మావగారి గుమ్మం ముందు పూలతో అలంకరించి ఉన్న, ఎడిటరుగారు పంపిన బండి. నల్లటిది, పొడుగాటిది. అందులో జనం కూర్చుని వెళ్ళరు. భార్య గబగబా పేపరు విప్పింది. పోయినవాళ్ళ గడిలో, అందరికంటే పైన, నల్లటి అంచు కట్టుకుని మాస్టారు ఉరిమి చూస్తున్నాడు.

"ఓరి భగవంతుడా!" అని తేదీలాయన పేజీలాయనకు ఫోను చేశాడు. "పుట్టినవాళ్ళలో వెయ్యమంటే పోయినవాళ్ళలో వేశారేంటండీ?"

"మీరు పుట్టినవాళ్ళని ఎప్పుడన్నారు? మావగారిది అన్నారు, ఫొటో ఇచ్చారు" అన్నాడు పేజీలాయన. "అయినా మనూరివాళ్ళని బతికుండగా పేపర్లో ఎవరు తలుచుకుంటారండీ? ఇన్నేళ్ళలో నేనెప్పుడూ చూళ్ళేదు. మీ దుఃఖంలో మీరుంటే గుచ్చి గుచ్చి అడగడం బాగోదని ఊరుకున్నా."

భార్య పేపరు గబుక్కున మడిచేసింది. "నన్నందరూ మర్చిపోయారని ఇప్పటికే కుమిలిపోతున్నారు. పుట్టినరోజు నాడు ఈ నల్లబండి చూశారంటే నిజంగానే ఏదైనా అయిపోతుంది. నాన్న తలుపు తియ్యకముందే వీళ్ళందర్నీ పంపించెయ్యండి!"

తేదీలాయన మెట్టెక్కి చేతులు జోడించాడు. "దయచేసి అందరూ వెళ్ళండి. ఆయన బతికే ఉన్నారు!"

"అవును బాబూ, మనందరి గుండెల్లోనూ బతికే ఉన్నారు" అన్నాడు ఒక బస్సు డ్రైవరు, ముక్కు చీదుతూ.

"అది కాదండీ, పేపర్లో తప్పు పడింది!"

"ఆ కాలమ్‌లో తప్పు పడదండీ" అంది డాక్టరమ్మ జాలిగా. "పాపం, ఇంకా నమ్మలేకపోతున్నారు."

ఇక ఎవరి గోడు వాళ్ళు మొదలుపెట్టారు. వాన పడుతుండగా దిగుడు రోడ్డులో బ్రేకులు పనిచెయ్యకపోతే, చెవిలో "గేరు తగ్గించవే మొద్దూ" అన్న మాస్టారి అరుపే వినబడిందట డాక్టరమ్మకు. "ఆ తిట్టే లేకపోతే నేనివాళ లేను. వచ్చి ఆ మాట చెప్పాలని ఎన్నిసార్లనుకున్నానో! రేపు, మాపు అంటూ ఇన్నాళ్ళూ గడిపేశాను" అని ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. బస్సు డ్రైవరు తన ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది ఆయన చలవేనన్నాడు. "నా జన్మలో ఆయన రుణం తీరదు. బతికుండగా ఒక్కనాడు వచ్చి దణ్ణం పెట్టలేదు, పాపిష్టివాణ్ణి" అన్నాడు. వింటూ వింటూ తేదీలాయన కూడా ఏడవడం మొదలుపెట్టాడు. ఎందుకు ఏడుస్తున్నాడో ఆయనకే తెలియలేదు.

ఇంతలో నల్లబండి డ్రైవరు, అతనూ మాస్టారి శిష్యుడే, బండి వెనకవైపును గుమ్మానికి సరిగ్గా పెడదామని కొంచెం వెనక్కి పోనిచ్చాడు.

"ఒరేయ్! అద్దం చూడు, అద్దం!" అని ఇంట్లోంచి ఒక గావుకేక.

"చూస్తున్నా మాస్టారూ!" అని అలవాటు కొద్దీ బ్రేకు తొక్కేశాడు డ్రైవరు. ఆ తర్వాత అరిచిందెవరో తట్టి, బండి వదిలేసి దూకాడు.

తలుపు తెరుచుకుంది. మాస్టారు లుంగీతో గుమ్మంలో నిలబడ్డాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పెద్దవాళ్ళూ, పదవుల్లో ఉన్నవాళ్ళూ అందరూ చిన్నపిల్లల్లా చేతులు కట్టుకున్నారు. డాక్టరమ్మ పరుగెత్తుకొచ్చి ఆయన కాళ్ళ మీద పడింది.

"లే అమ్మా, లే. ఇందాకటినుంచీ తలుపు వెనకే ఉన్నాను. అంతా విన్నాను" అన్నాడాయన. "నా తిట్లకు మొహం మొత్తి నన్ను మర్చిపోయారనుకున్నానర్రా. నాకింత బలగం ఉందని ఇవాళే తెలిసింది." కండువా అంచుతో కళ్ళొత్తుకుని, వెంటనే సందులోకి చూశాడు. పాత మనిషి తిరిగొచ్చాడు. "ఇదేనా నేను నేర్పిన పార్కింగ్? అన్నీ అడ్డదిడ్డంగా పెట్టారు. తియ్యండి ముందు! ఆ చివర బిరడాలా నిలబడ్డ కారెవరిది?"

అందరూ తేదీలాయన వైపు తిరిగారు. ఆ కారు వెనక్కి వెళ్తే తప్ప సందులో చీమ కూడా కదలదు.

"మావయ్యా, తప్పంతా నాదే. పుట్టినవాళ్ళ గడిలో వేయిద్దామనుకుంటే..."

"తర్వాత చెబుదువుగానీ, ఎక్కు" అని మాస్టారు పక్క సీట్లో కూర్చున్నాడు. ఎన్నేళ్ళ తర్వాతో! "భయపడకు. మెడ తిప్పు. అద్దం చూడు. కాలు మెల్లగా వదులు. ఇంకా మెల్లగా... అబ్బా, మొద్దూ! ఊఁ, అలాగే."

కారు వెనక్కి కదిలింది. శిష్యులందరూ ఊపిరి బిగబట్టి రెండువైపులా నడిచారు. సందు మలుపు దగ్గర గోడకు కారు అంచు 'గీఁక్' మని రాసుకుంది. అందరూ అది విననట్టే నడిచారు. కారు రోడ్డు మీదికి వచ్చేసరికి చప్పట్లు మోగాయి. తేదీలాయన స్టీరింగ్ మీద తల ఆనించి, "మీ మేలు మర్చిపోలేను మావయ్యా" అన్నాడు.

"నీ మేలే నేను మర్చిపోలేనురా. నువ్వు చంపబట్టే కదా వీళ్ళందరూ వచ్చింది" అని మాస్టారు ఆయన భుజం తట్టాడు. "వచ్చే ఏడు ఈ తేదీకి నన్ను ఆ రెండు గడుల్లోనూ వెయ్యొద్దు. సంఘటనల్లో వెయ్యి. 'అల్లుడు గోడకు తగలకుండా బండి వెనక్కి నడిపిన రోజు' అని."

"తగిలింది కదా మావయ్యా?"

"నేను చచ్చానని వేసిన పేపరుకు, ఆ మాత్రం అబద్ధం బరువా?"