అందరూ ఇవాళే పుట్టారు

ఆ పొద్దున రికార్డుల గుమాస్తా పెట్టుకున్న పని ఒక్కటే. భార్య పుట్టిన తేదీ సరిచేయాలి. ఆమె కంటికి శుక్లాల ఆపరేషన్ ఆ రోజే. పోయిన వారం ఆస్పత్రి బల్ల దగ్గర కూర్చున్నతను కార్డు చూశాడు, ముఖం చూశాడు. రెండింటికీ పొత్తు కుదరలేదు. "డెబ్బై ఒకటా? ఎవరి కార్డమ్మా ఇది?" అని వెనక్కి పంపాడు. సరైన కార్డుతో ఇవాళ పదకొండులోపు రమ్మన్నాడు. ఆమెకు నిజానికి యాభై ఎనిమిది.

తను పనిచేసే వర్క్‌షాపులో అందరి కుటుంబాల వివరాలూ ఇరవై ఏళ్ళ కిందట మెయిన్‌ఫ్రేమ్ అనే పెద్ద కంప్యూటర్ మెషిన్లోకి ఎక్కించింది ఈయనే. గేటు దగ్గరైనా ఆస్పత్రిలోనైనా కార్డు పెడితే వివరాలు వచ్చేది అందులోంచే. తన ఇంటి వరసకు వచ్చేసరికి, తనను పెంచిన అక్కయ్య పుట్టిన తేదీ భార్య గడిలో పడింది.

"మీ అక్కయ్య వయసు నాకు అంటగట్టారా!" అంది ఆమె చెప్పులేసుకుంటూ. "లోకంలో అందరివీ దిద్దుతారు. ఇంట్లోదానికే తీరిక లేదు."

"దిద్దుతాను," అన్నాడాయన. ఆ రోజుకి ఆయన మాటల్లో సగం అయిపోయాయి.

తొమ్మిదిన్నరకు ఆఫీసులో భార్య వరస తెరిచాడు. పాత తేదీ మీదే కొత్తది కొడితే సరిపోయేది. కానీ పలక తుడవకుండా రాయకూడదని బళ్ళో నేర్చుకున్న మనిషి. తుడవడానికి రీసెట్ ఇచ్చాడు. కర్సర్ ఉన్న గడి ఒక్కటే తుడుచుకుంటుందనుకున్నాడు. అది వరస మొత్తాన్ని మొదటికి తెచ్చింది. అక్షరాల గళ్ళు ఖాళీ. అంకెల గళ్ళు సున్నా. తేదీ గడిలో ఆ రోజు తేదీ. ఆయన కళ్ళు చూసేలోపే చెయ్యి అలవాటు కొద్దీ సేవ్ నొక్కేసింది.

గుర్తున్నంత వరకు మళ్ళీ కొడదామంటే ఏ గడితో మొదలుపెట్టాలో తేలలేదు. అలా కూర్చునే ఉండగా పది దాటాక ఫోన్ మోగింది.

"ఏమండీ, నన్ను పిల్లల వార్డుకి పొమ్మంటున్నారు. ఈ రోజే పుట్టానట. ఇంకా పేరు కూడా పెట్టలేదట!"

"ఉండు."

"ఉండక ఎక్కడికి పోతాను? ఊయల చూపిస్తున్నారు."

స్విచ్చి ఒకసారి నొక్కితే దీపం ఆరుతుంది, మళ్ళీ నొక్కితే వెలుగుతుంది. ఇదీ అంతే కాబోలనుకుని మళ్ళీ రీసెట్ ఇచ్చాడు. "అన్నిటికీనా?" అని అడిగింది మెషిన్. పోయినవన్నీ తిరిగొస్తాయనుకుని అవునన్నాడు. సేవ్ కూడా చేశాడు. మూడొందల పన్నెండు మంది ఒక్కసారి పుట్టారు.

టీ తాగడానికి రోడ్డు దాటినవాళ్ళు వెనక్కి వచ్చేసరికి గేటు తెరుచుకోలేదు. కార్డు పెడితే ఎర్రదీపం. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి ప్రవేశం లేదు.

"నా మీసం కనబడటం లేదా దానికి?" అని అరిచాడు ఫిట్టర్ మేస్త్రీ.

"కనబడ్డా లాభం లేదు మేస్త్రీ. నువ్వు ఇవాళే పుట్టావంటోంది," అన్నాడు కాపలాదారు.

"అయితే నా మనవడు నాకంటే పెద్దోడన్నమాట. వాణ్ణి పిలుస్తా, వాడొచ్చి చేస్తాడు నా పని!"

ఆ గోల విని మెషిన్ గది ఇన్‌చార్జి పరుగెత్తుకొచ్చింది. "బాబాయ్ గారూ, ఏం ముట్టుకున్నారు?"

"రీసెట్."

"ఎన్నిసార్లు?"

ఆయన రెండు వేళ్ళు చూపించాడు. ఆమె నవ్వు ఆపుకుంది. "భయపడకండి. పది గంటలకి మెషిన్ తనంతట తానే నకలు తీసుకుంటుంది. అది తెస్తాను."

అయిదు నిమిషాల్లో గేటుకు పచ్చదీపం వచ్చింది. మేస్త్రీ మీసం దువ్వుకుంటూ యాభై నాలుగేళ్ళవాడై లోపలికి నడిచాడు. అన్ని వరసలూ వచ్చాయి, ఒక్కటి తప్ప. భార్య వరసను గుమాస్తా పదికి ముందే తుడిచేశాడు. నకలులోనూ అది ఖాళీయే.

పదకొండుకు పది నిమిషాలుంది. "పిన్నిగారిని అడిగి చెప్పండి, నేను కొడతాను," అంది ఇన్‌చార్జి. బల్ల మీది ఫోన్లో భార్య ఇంకా లైన్లోనే ఉంది. ఆయన అడగలేదు. పేరు చెప్పాడు. పుట్టిన తేదీ చెప్పాడు, శనివారమని కూడా చెప్పాడు. రక్తం గ్రూపు చెప్పాడు. పెనిసిలిన్ పడదన్నాడు.

"గుర్తింపు మచ్చ?"

"ఎడమ మోచేతి మీద. ఇస్త్రీపెట్టె తగిలింది. నా చొక్కా ఇస్త్రీ చేస్తుంటే. నేను తొందరపెట్టాను."

"మచ్చ చాలు బాబాయ్ గారూ. కారణానికి గడి లేదు."

ఇన్‌చార్జి సేవ్ నొక్కింది. ఫోన్లో భార్య గొంతు మెల్లగా వచ్చింది. "కార్డు సరిపోయిందట. కానీ ఇవాళ ఆపరేషన్లు డెబ్బై దాటినవాళ్ళకేనట. ఆ డెబ్బై ఒకటిని చూసే నాకు ఆపరేషన్‌కి ఈ రోజు ఇచ్చారట. ఇప్పుడు మూడు నెలలు ఆగమంటున్నారు. ఆగినా కంటికేం భయం లేదట."

ఆయన చెయ్యి కీబోర్డు మీదికి పోయింది. "మళ్ళీ డెబ్బై ఒకటి చెయ్యనా?"

"ముట్టుకున్నారంటే చూడండి! ఆగుతాను లెండి. అంతదాకా రోజూ పేపరు మీరే చదివి వినిపించాలి."

"పైకా?"

"పైకే. ఇప్పుడు నన్ను చదవలేదూ? అలాగే."

మర్నాడు వరండాలో గొంతు సవరించుకుని ఆయన మొదట చదివింది వాతావరణం, ఈ రోజు వాన రాదని. అది పూర్తయ్యేలోపు జల్లు కొట్టి ఇద్దరూ తడిశారు.