దువ్వెన ముఠా

“ఇస్సిక్‌కుల్ సరస్సు లోతైనా కొలవొచ్చు గానీ, నా బుర్ర లోతు కొలవడం ఎవడి తరమూ కాదు!” అని షేర్తాయ్ ప్రకటించాడు. అప్పటికి వాడి టోపీ తిరగబడి ఉంది.

పక్కింటివాణ్ణి కాబట్టి ఈ ప్రకటన నేను వారానికోసారి వింటుంటాను. ఊళ్ళో గొర్రె తప్పిపోయినా, గుర్రం జీను కనబడకపోయినా వాడు పరిశోధనకు బయల్దేరతాడు. ఇంతవరకూ వాడు పట్టుకున్నది జలుబొక్కటే.

ఈసారి మాత్రం సొంత కుక్కే మాయమవుతోంది. అక్తోష్ అని, రొమ్ము మీద తెల్లమచ్చ ఉన్న వేటకుక్క. రోజూ మధ్యాహ్నం వెళ్ళిపోయి సాయంత్రానికి వస్తోంది. షేర్తాయ్ పిలిస్తే తోకైనా ఊపడం లేదు.

“ఎవరో మాంసం పెట్టి అలవాటు చేశారేమో,” అన్నాను.

“అమాయకుడా! ఇంటికొచ్చి గిన్నె అడుగుదాకా నాకేస్తోంది. అంటే అక్కడ తిండి లేదు! ఒళ్ళు చూడు, నున్నగా దువ్వేశారు. చెవుల్లో ఉన్నిపోగులు. ఇది దువ్వెన ముఠా పనిరా! అమ్మకానికి ముస్తాబు చేస్తున్నారు.”

“మరి రోజూ వెనక్కెందుకు పంపుతున్నారు?”

“అదే రక్తం గడ్డకట్టే రహస్యం,” అన్నాడు. అంతలోనే గొంతు తగ్గించి, “ఒరే కెనెన్, అది నన్నొదిలేసి పోతుందంటావా?” అన్నాడు.

ఆ మాటకి నాకు నవ్వు రాలేదు.

మర్నాడు దాని వెనకే వెళ్ళాం. అది నేరుగా బూరుల్ అవ్వ వాకిట్లోకి నడిచి, ఉన్ని దువ్వుతున్న అవ్వ పక్కన చతికిలబడింది. నిఘా కోసమని షేర్తాయ్ అవ్వ చూడకుండా అక్కడున్న రెల్లుచాప చుట్టుకుని పడుకున్నాడు, నేను గోడ చాటున నిలబడ్డాను. ఉన్నిని చాపలో చుట్టి, వేడినీళ్ళు పోసి, తన్ని తివాచీ చేసే రోజున ఆ చాపచుట్టలో దాక్కోవడమంటే కుండలో దాక్కుని పొయ్యెక్కడమే. వాడికది తట్టలేదు.

అవ్వ కోడళ్ళు వచ్చారు. “ఉన్ని పరిచి చుట్టేశారే, మన పని తగ్గింది!” అని తాళ్ళు బిగించి, వేడినీళ్ళు పోసి, పాట ఎత్తుకుని కాళ్ళతో తన్నుతూ దొర్లించసాగారు. నేను అరిచిన అరుపు పాటలో కలిసిపోయింది.

“ఈ ఉన్ని మూలుగుతోందేమిటే?”

“కొత్త ఉన్ని అలాగే ఉంటుంది. తన్నవే!”

అంతలో అక్తోష్ ఒక్క గెంతు గెంతి చుట్ట మీద నిలబడింది. ఎవర్నీ కాలు వెయ్యనివ్వలేదు. తాళ్ళు విప్పితే, మడమ బెణికి, ఒళ్ళంతా ఆవిర్లు కక్కుతూ మహా పరిశోధకుడు బయటపడ్డాడు.

“దానికేం మందు పెట్టావవ్వా?” అన్నాడు మూలుగుతూ.

“మందా, నా మొహమా! కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్తాను, ఈ దువ్వెనతో దాన్నీ దువ్వుతాను. ఊరి దొంగల వెంట తిరిగే నీకు తీరికేదీ నాయనా?”

కాలికి కట్టుతో షేర్తాయ్ ఇంటి వాకిట్లో పడ్డాడు. తోచక అవ్వ దువ్వెన అరువు తెచ్చుకుని, కుక్కని దువ్వుతూ తన పాత కేసులన్నీ దానికి చెప్పుకొచ్చాడు. నవ్వకుండా విన్న ప్రాణి అదొక్కటే.

నాలుగో రోజు మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అక్తోష్ లేచి గుమ్మందాకా నడిచింది. వాడు పిలవలేదు, దువ్వెన పక్కన పెట్టి చూస్తున్నాడు. అది వీధిలోకి ఓసారి తొంగిచూసి వెనక్కొచ్చి, కట్టు కట్టిన కాలి మీద మూతి ఆనించి పడుకుంది.

“దొంగ దొరికాడా?” అన్నాను.

“దొరికాడు. నేనేరా,” అన్నాడు కళ్ళు తుడుచుకుంటూ. “దానికివ్వాల్సిన పొద్దంతా నేనే కాజేశాను. మెల్లిగా మాట్లాడు, పడుకుంది.”