పెరట్లో వంతెన

ఆ రోజుకి శాసనసభ్యుడి భార్య వేసుకున్న పథకం చాలా చిన్నది. భర్త ఏటవతలి ఊరికి బయల్దేరగానే మేస్త్రీని పిలిపించి, పెరట్లో బట్టలుతికే బండని సరిచేయించాలి. ఆ బండ చాలాకాలంగా ఊగుతోంది. తడి దుప్పటి ఎత్తి కొడితే బండ ఒక పక్కకీ, ఆవిడ ఇంకో పక్కకీ ఒరిగేది. భర్తకి చెప్పినప్పుడల్లా ఆయన చదువుతున్న పేపరు మడిచి, కళ్ళజోడు తీసి, సమస్యంతా సాంతం విని, "చూద్దాం" అనేవాడు.

అది ఊతపదం కాదు, ఆయన పని పద్ధతే అది. రోడ్డు అడిగినవాడికి అదే మాట, బదిలీ అడిగినవాడికి అదే మాట, పడవ ఇంజను పాడైందని వచ్చినవాడికీ అదే. కాదన్నాడని ఎవరూ చెప్పుకోలేరు, అవునన్నాడనీ ఎవరూ చెప్పుకోలేరు. సముద్రం పక్కనున్న ఆ పల్లెల్లో ఆయన అసలు పేరు ఓటు వేసే రోజున మాత్రమే పనికొచ్చేది. మిగతా రోజుల్లో అందరికీ ఆయన చూద్దాంగారు.

బండ విషయంలో ఆవిడ ఇక చూడదలుచుకోలేదు.

నిజానికి అది బట్టలుతకడానికి పుట్టిన బండ కాదు. ఆయన మొదటిసారి గెలిచినప్పుడు ఏటి మీద వంతెన కోసం చెక్కించిన శంకుస్థాపన ఫలకం. అప్పట్లో మంత్రులు కుదురుగా ఉండేవారు కాదు. ఏ మంత్రి వస్తాడో, ఏ రోజు వస్తాడో తేలక, మంత్రి పేరుకీ తేదీకీ చోటు వదిలేసి మిగతాదంతా చెక్కించారు. ఆ తర్వాత మంత్రీ రాలేదు, వంతెనా రాలేదు. బండ మాత్రం ఇంటికొచ్చింది. వెడల్పుగా, నున్నగా ఉందని ఆవిడ దాన్ని బోర్లా వేయించి ఉతకడం మొదలుపెట్టింది. ఆ ఇంట్లో ఇలాంటివి ఇంకా ఉన్నాయి. నీళ్ళ డ్రమ్ము కింద ఆసుపత్రి ఉంది. వెనక గుమ్మానికి మెట్టుగా కాలేజీ ఉంది.

అవతలి ఒడ్డున సొంత అక్క లేకపోతే వంతెన సంగతి ఆవిడ ఏనాడో మర్చిపోయేది. ఆ మొదటి ఎన్నికల్లో అక్క ఇంటింటికీ తిరిగి, వంతెన వస్తుంది, మా మరిది మాటంటే మాటేనని నలుగురికీ నమ్మకంగా చెప్పింది. ఊరు నమ్మింది. ఇప్పటికీ కుళాయి దగ్గర ఎవరో ఒకరు, "ఏమ్మా, వంతెన మీంచి వస్తున్నావా?" అని అక్కని పలకరిస్తూనే ఉంటారు. అక్క ఆ కోపమంతా మరిది మీద పెట్టుకుని ఆయనతో మాటలు మానేసింది. ఫోను ఆయన ఎత్తితే, "మా చెల్లికి ఇమ్మని చెప్పండి" అని ఆయనతోనే ఆయనకి కబురు చెప్పేది. దానికి తోడు, ఒకసారి పోటు తీసి నీళ్ళు తగ్గినప్పుడు పడవ దిగబోయి బురదలో పడి మోకాలు పాడుచేసుకుంది. అప్పట్నుంచి ఇటు రావడం లేదు. ఈ ఒడ్డున నిలబడితే అక్కావాళ్ళ ఇంటి పెంకులు కనిపిస్తాయి. అక్క మాత్రం కనపడదు.

ఆ రోజు చూద్దాంగారు ప్రారంభించబోయేది అక్కావాళ్ళ ఊళ్ళోనే, చేపలు ఎండబెట్టుకునే సిమెంటు అరుగు. దాని ఫలకం ముందురోజే వచ్చింది. వసారా నిండా అర్జీలు పట్టుకొచ్చిన జనం ఉండడంతో దాన్ని పెరటి గోడకి ఆనించారు, చెక్కిన వైపు గోడకేసి. తన పేరు దారినపోయేవాళ్ళ కాళ్ళకి ఎదురుగా ఉండకూడదని చూద్దాంగారి పట్టింపు.

మేస్త్రీ చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. చేసేది తక్కువైనా శుభ్రంగా చేసే మనిషి. ఉతికే బండని గునపంతో లేపి, ఇన్నేళ్ళ మట్టీ సబ్బు మురికీ పోయేలా నీళ్ళు కొట్టి, కొబ్బరి పీచుతో తోమి, ఆరడానికని అదే గోడకి ఆనించాడు. అయ్యగారి పట్టింపు తెలిసినవాడు కాబట్టి చెక్కిన వైపు గోడకేసే పెట్టాడు. తర్వాత ఇసుకా సిమెంటూ కలుపుకోవడానికి వీధి వైపు వెళ్ళాడు.

అప్పుడు డ్రైవరు వచ్చాడు. ఈ డ్రైవరు కొలువులో చేరిన కొత్తలో ఏదో అడిగితే, ప్రతిదీ అడుగుతావేమయ్యా అని చూద్దాంగారు కసిరారు. అప్పట్నుంచి అతను ఎవర్నీ ఏదీ అడగలేదు. గోడకి రెండు బండలున్నాయి. ఒకటి రాతి పొడి కొట్టుకుని బూడిదలో పొర్లినట్టుంది. రెండోది నీళ్ళోడుతూ నిగనిగలాడుతోంది. ప్రారంభోత్సవానికి ఏది వెళుతుందో తెలుసుకోవడానికి అడగాల్సిన పనేముంది? అతను నిగనిగలాడేదాన్ని తిప్పి చూడకుండానే తెల్లగుడ్డలో చుట్టి బండికెక్కించాడు.

మేస్త్రీ తట్ట పట్టుకుని తిరిగొచ్చేసరికి గోడకి ఒక్క బండే ఉంది. ఒక్కటే ఉన్నప్పుడు అతనికి మాత్రం అనుమానం ఎందుకొస్తుంది? ఆరి పొడి పట్టిందనుకుని మళ్ళీ నీళ్ళు కొట్టి, చెక్కిన వైపు కిందికి పెట్టి, నాలుగు పక్కలా సిమెంటు దట్టించేశాడు.

ఆవిడ ఇదంతా చూడలేదు. వసారాలో వాళ్ళకి కాఫీలు పంపి, ఈయన బయల్దేరాక వంటగది సర్దుకుని, ఉతకాల్సినవి మూటకడుతుండగా ఫోను మోగింది. అక్క. అవతల డప్పులూ ఈలలూ వినిపిస్తున్నాయి.

"ఏమే, ఇంత పని జరుగుతుంటే నాకు ఒక్క ముక్క చెప్పలేదే?"

"అరుగు సంగతా? చెప్పాగా అక్కా."

"అరుగెవరిక్కావాలి! వంతెనే. మీ ఆయన తాడు లాగి గుడ్డ తీశాడు. చూస్తే వంతెన. ఊరంతా నా చుట్టూ చేరారు. ఇన్నాళ్ళూ ఎకసెక్కాలాడిన వాళ్ళే, నువ్వు ఆనాడే చెప్పావు కదమ్మా అంటున్నారు." అక్క ముక్కు చీదింది. "ఇన్నేళ్ళూ ఆ మనిషితో మాట్లాడకుండా పాపం మూటకట్టుకున్నానే."

ఆవిడ ఫోను చేత్తో పట్టుకునే పెరట్లోకి వెళ్ళింది. బండ అద్దంలా ఉంది. పాత బండకి ఒక మూల పెచ్చు ఊడి ఉండేది. బకెట్టు పెట్టినప్పుడల్లా అక్కడే ఒరిగేది. ఈ బండకి నాలుగు మూలలూ సుబ్బరంగా ఉన్నాయి.

"మేస్త్రీ, దీన్ని మళ్ళీ తీయొచ్చా?"

మేస్త్రీ మొహం చిన్నబుచ్చుకున్నాడు. "తీయడమేంటమ్మా. ఊగకూడదన్నారు. ఇక ఉప్పెనొచ్చినా ఊగదు. తీయాలంటే పగలగొట్టాల్సిందే."

అంతలో చూద్దాంగారి పీఏ ఫోను చేశాడు. ఏ సంగతైనా లోకంలో అందరికంటే ముందు తనకే తెలియాలని నమ్మిన మనిషి. గొంతు తగ్గించి, వంతెన మంజూరైన విషయం అయ్యగారు మీకైనా చెప్పారా అని అడిగాడు. ఆవిడకి నిజం నాలుక చివరిదాకా వచ్చింది. దాని వెనకే అక్క గొంతూ వచ్చింది. పొరపాటైందని ఇప్పుడు అంటే, అంతమంది మధ్య అక్క ఏ మొహం పెట్టుకుని నిలబడుతుంది?

"చెప్పకేం," అంది ఆవిడ.

పీఏ నొచ్చుకున్నాడు. "నాకూ చెప్పారు లెండి," అని పెట్టేశాడు. ఆ తర్వాత నేరుగా వెళ్ళి మైకు అందుకుని, నెలల తరబడి రహస్యంగా సాగిన వంతెన ప్రయత్నంలో అయ్యగారికి తానెలా కుడిభుజంగా నిలిచాడో వివరించాడట. పక్కనే ఇంజనీరు కూర్చున్నాడు. మంజూరు కాగితం తన బల్ల మీదికి వచ్చి ఎక్కడో కిందపడిపోయి ఉంటుందని అతని భయం. రాలేదంటే వెతకలేదంటారు, వచ్చిందంటే ఏం చేశావంటారు. అందుకని రెండూ అనకుండా మైకు లాక్కుని, సోమవారం నుంచే ఏటి దగ్గర కొలతలు మొదలవుతాయని ప్రకటించేశాడు.

ఇంతమందికి తెలిసిన సంగతి తమకు మాత్రం తెలియదని ఒప్పుకునే ధైర్యం ఆ వేదిక మీద ఎవరికీ లేకపోయింది. ఒక విలేకరి ఫలకాన్ని ఫోటో తీసి అందరి ఫోన్లకీ పంపేశాడు.

ఆవిడ వంటింట్లో కూర్చుని, ఈ పూటకి ఇంకేం జరగదులే అనుకుంది. హాల్లో ఫోను మోగింది. సాక్షాత్తూ మంత్రిగారు. చూద్దాంగారి ఫోను అందడం లేదని ఇంటికి చేశారు. గొంతులో మర్యాద ఉంది, మర్యాద కింద కోపం ఉంది. తన శాఖ వంతెన, తనకి తెలియకుండా, తన పేరు లేకుండా ఎలా మొదలుపెడతారని అడుగుతున్నారు. ఇది తేలేదాకా వంతెన లేదు, గింతెన లేదన్నారు.

ఆవిడ జీవితంలో మంత్రులతో మాట్లాడి ఎరగదు. వాళ్ళకి కాఫీ ఇచ్చింది, అంతే. అయినా ఎదురుగా కిటికీలోంచి ఏరు కనిపిస్తోంది, ఏటికవతల పెంకులు కనిపిస్తున్నాయి.

"మీ పేరు లేకపోవడమేంటండీ," అంది ఆవిడ. "ఫోటో ఒకసారి సరిగ్గా చూడండి. పైన చోటు వదిలారు కదా."

మంత్రిగారు ఫోటో తెరిచినట్టున్నారు. పెద్దది చేసి చూసుకుంటున్నారు కాబోలు.

"అవునమ్మా, ఉంది," అన్నారు మంత్రిగారు. గొంతు మెత్తబడింది. "పెద్ద చోటే ఉంది. తేదీ కూడా వేయలేదే?"

"మీ వీలు కనుక్కోకుండా తేదీ ఎలా వేస్తారండీ."

"మీవారు చాలా పద్ధతైన మనిషమ్మా. ఈ రోజుల్లో ఇలాంటివాళ్ళు తక్కువ," అని మంత్రిగారు, కాగితాలు తనే చూసుకుంటానని మాటిచ్చి పెట్టేశారు. ఆవిడ గ్లాసుడు నీళ్ళు తాగి, మూటకట్టిన బట్టలు మళ్ళీ విప్పి, మళ్ళీ మూటకట్టింది.

సాయంత్రం బండి వచ్చి ఆగింది. ముందు చూద్దాంగారు దిగారు, ఉరిశిక్ష రద్దయిందో లేదో ఇంకా తెలియని మనిషిలా. ఆయన వెనక, డ్రైవరు భుజం పట్టుకుని, మోకాలు చూసుకుంటూ అక్క దిగింది. పడవెక్కి వచ్చింది. అక్కాచెల్లెళ్ళు గుమ్మంలోనే ఒకరినొకరు పట్టుకుని కాసేపు ఏడ్చారు, అందులో చెల్లెలిది సగం భయం.

"మరిదీ," అంది అక్క ఆయన వైపు తిరిగి, అందరూ వినేలా. "ఇన్నేళ్ళూ నిన్ను నానా మాటలూ అన్నాను. నువ్వు వినలేదులే, అన్నీ నీ వెనకే అన్నాను. మనసులో పెట్టుకోకు."

"అయ్యో, ఎంతమాట వదినా," అని ఆయన పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అక్కకి కాఫీ ఇచ్చి ఆవిడా వెనకే వెళ్ళింది. ఆయన బండ మీద నిలబడి ఉన్నాడు. మడమలతో అటూ ఇటూ కదిపి చూశాడు. బండ కదల్లేదు. ఖాళీ గోడని చూశాడు. తర్వాత భార్యని చూశాడు.

"అరుగు ఫలకం ఏది?"

"మీ కాళ్ళ కింద ఉంది."

ఆయన మెల్లిగా దిగాడు. అక్కడేం జరిగిందో ముక్కముక్కలుగా చెప్పాడు. తాడు లాగాక తనూ అప్పుడే చూశాడట. పొరపాటని చెబుదామని నోరు తెరిచేసరికి ఎదురుగా వదిన, కళ్ళ నిండా నీళ్ళతో. ఏమనాలో తోచక అలవాటు కొద్దీ "చూద్దాం" అన్నాడట. జనం విరగబడి నవ్వారట. "ఇంకా చూసేదేముందండీ, చెక్కేసి ఉంటేనూ" అని ఆయన్ని భుజాల మీదికెత్తుకున్నారట. ఇన్నేళ్ళలో తన చలోక్తికి జనం నవ్వడం ఇదే మొదటిసారని ఆయన కొంచెం గర్వంగానే చెప్పాడు.

"దారిలో మంత్రిగారు ఫోన్లో దొరికారు," అన్నాడు చివరికి. "నా పద్ధతి బాగుందన్నారు. ఏ పద్ధతో అర్థం కాలేదు."

"మీ పద్ధతి కాదులెండి," అంది ఆవిడ. అని, బట్టల మూట తెచ్చి బండ మీద పడేసింది.

మంత్రిగారు ఎన్నాళ్ళకో కాదు, ఆ వేసవిలోనే వచ్చారు. ఖాళీలో పేరూ తేదీ చెక్కించుకున్నారు. ఏట్లో స్తంభాలు లేచాయి. అక్క రోజూ ఒడ్డున కుర్చీ వేసుకుని, పనివాళ్ళకి తెలియని విషయాలు వాళ్ళకి చెబుతుండేది. ఇబ్బందల్లా అరుగుకే వచ్చింది. ఫలకం లేదు కాబట్టి ప్రారంభం కానట్టే, ప్రారంభం కాలేదు కాబట్టి వాడకూడదని ఇంజనీరు దాని చుట్టూ తాడు కట్టించాడు. ఊరి ఆడవాళ్ళు అరుగు నిండా చేపలు పరిచి, చాలక తాడు మీద కూడా ఆరేశారు.

ఒక పొద్దున చూద్దాంగారు వసారాలో అర్జీలు విని లోపలికొచ్చారు. ఆసుపత్రి కావాలని ఎగువ పల్లెల వాళ్ళు మళ్ళీ వచ్చినట్టున్నారు. ఆయన పెరటి గుమ్మంలో నిలబడి చాలాసేపు నీళ్ళ డ్రమ్ము వైపు చూశాడు.

"ఏమే, ఆ డ్రమ్ము కింది బండ కూడా కాస్త ఊగుతున్నట్టు లేదూ?"

ఆవిడ చేతిలో దుప్పటి బండ మీద పెట్టి, చేతులు తుడుచుకుని, సమస్యంతా సాంతం విని, "చూద్దాం" అంది.

మేస్త్రీ మర్నాడే వచ్చాడు.